సాయంత్రాలు మరో లాయరు దగ్గర పని చేయవచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. మా వారి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా నాది, పనిచేసే అనుమతి ఇచ్చే ఈఏడీ కార్డు ఉంది. ఇక్కడి ఒక ఇమ్మిగ్రేషన్ లా ఫర్మ్‌లో పారాలీగల్‌గా, అంటే లాయర్లకు కేసు కాగితాలు సిద్ధం చేసే సహాయకురాలిగా పనిచేస్తున్నాను. వారానికి 1,160 డాలర్ల జీతం. మామూలుగా నలభై గంటల పని. మార్చి నుంచి జూన్ దాకా హెచ్-1బీ హడావుడిలో యాభై గంటలు అవుతుంది, జీతం మాత్రం పెరగదు. ఇల్లు కొనుక్కోవాలని డౌన్ పేమెంటు కూడబెడుతున్నాం. ఈమధ్య పరిచయమైన ఒక లాయరు గారు సొంతంగా ప్రాక్టీసు చేస్తారు. ఇమ్మిగ్రేషన్ కేసులతో పాటు ఇళ్ల రిజిస్ట్రేషన్లు, వీలునామాలు కూడా చూస్తారు. ఇంటి నుంచే వారానికి పది గంటలు పిటిషన్లు తయారుచేసి ఇస్తే గంటకు 35 డాలర్లు ఇస్తామన్నారు. మన తెలుగువాళ్లను ఆయన దగ్గరకు పంపితే ఒక్కో క్లయింటుకు 150 డాలర్లు విడిగా ఇస్తారట. ఇవి కాక, గుడిలోనూ పిల్లల పుట్టినరోజు పార్టీల్లోనూ కలిసేవాళ్లు "లాయరుకు వేలు పోయలేం, మీరే ఫారం నింపిపెట్టండి, వందో నూటయాభయ్యో తీసుకోండి" అంటున్నారు. బయటి పని చేయాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలని మా ఆఫీసు హ్యాండ్‌బుక్‌లో ఉంది. మా వారు మాత్రం "ఎవరికి తెలుస్తుంది, చేసేయి" అంటారు. అడిగితే ఉన్న ఉద్యోగానికే ముప్పు వస్తుందేమోనని నాకు భయం. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అమ్మా, మీరు అడగని ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ పైడబ్బు మీ ఆఫీసులోనే ఉండవచ్చు.

యాభై గంటలు పనిచేసినా అదే జీతం అని మామూలు విషయంలా రాశారు. జీతం అని పేరు పెట్టినంత మాత్రాన ఓవర్‌టైం పోదు. అమెరికా కార్మిక శాఖ నిబంధనల్లో పారాలీగల్స్ గురించి ప్రత్యేకంగా ఒక మాట ఉంది: ఈ ఉద్యోగానికి ప్రత్యేకమైన పై చదువు తప్పనిసరి అర్హత కాదు కాబట్టి, ఓవర్‌టైం మినహాయింపు ఉన్న వృత్తి నిపుణుల వర్గంలోకి వీరు సాధారణంగా రారు. ఇంజనీరింగ్ చదివి, ఆ నైపుణ్యంతోనే పేటెంట్ కేసుల్లో సలహా ఇచ్చే పారాలీగల్ సంగతి వేరు. మీరు చేసేది పిటిషన్లు సిద్ధం చేయడం. మీకు నలభై గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు రావాలనే అనుకుంటున్నాను. 1,160 డాలర్లు నలభై గంటల జీతమే అనుకుంటే మీ గంట విలువ 29 డాలర్లు, ఓవర్‌టైం గంటకు 43.50. అంటే హడావుడి నెలల్లో వారానికి 435 డాలర్లు మీ చేతికి రావడం లేదు. ఆ లాయరు గారు ఇస్తానన్నది వారానికి 350.

ఇంకో లెక్క కూడా వేయండి. ఆయన ఇచ్చే 35 డాలర్ల మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల రెండు వాటాలూ మీరే కట్టాలి. ఉద్యోగంలో సగం యజమాని కడతాడు, సొంత పనిలో ఆ సగం కూడా మీదే. గంటకు దాదాపు 5 డాలర్లు అలా పోతే మిగిలేది 30. మీ ఫర్మ్ ఇచ్చే 29లో మీ వాటా 2.22 తీసేస్తే 26.78. ఆదాయపు పన్ను రెండింటికీ ఉంటుంది. అంటే ఇంత రిస్కు తీసుకుని మీరు అదనంగా సంపాదించేది గంటకు మూడు డాలర్ల చిల్లర. అదే గంట మీ ఆఫీసులో ఓవర్‌టైంగా చేస్తే పన్ను పోయాక 40 దాటుతుంది. మీ వారికి ఈ అంకెలు చూపించండి. "ఎవరికి తెలుస్తుంది" అన్న ప్రశ్నకు మనం తర్వాత వద్దాం.

కాబట్టి ముందు అడగవలసింది ఓవర్‌టైం గురించి. ఫిర్యాదు ధోరణిలో వద్దు. "నా ఉద్యోగాన్ని ఓవర్‌టైం వర్తించే వర్గంలో పెట్టారా, వర్తించని వర్గంలోనా? ఏ కారణంతో?" అని మానవ వనరుల విభాగాన్నో, అది లేకపోతే ఆఫీసు మేనేజర్‌నో ఈమెయిల్‌లో అడగండి. లా ఫర్మ్ కాబట్టి ఆ ప్రశ్న అర్థం వాళ్లకు వెంటనే తెలుస్తుంది. మీరు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో ఇంట్లో ఒక పుస్తకంలో రాసుకోవడం ఈరోజే మొదలుపెట్టండి. పాత బాకీ అడిగే గడువు ఫెడరల్ చట్టం కింద మామూలుగా రెండేళ్లు. న్యూజెర్సీ 2019లో తన చట్టాన్ని మార్చి ఆ గడువును ఆరేళ్లు చేసింది. ఇలా అడిగినందుకు కక్ష సాధించడం రెండు చట్టాల కిందా తప్పే. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. ఓవర్‌టైం గురించీ బయటి పని గురించీ ఒకే ఈమెయిల్‌లో రాయకండి. మొదటిది మీ హక్కు, రెండోది మీరు కోరే అనుమతి. కలిపి రాస్తే బేరమాడుతున్నారనుకుంటారు.

ఇక మీరు అడిగిన విషయానికి వద్దాం. ఫ్రీలాన్స్ పారాలీగల్ పని చేయడం న్యూజెర్సీలో తప్పేమీ కాదు, లాయరు పర్యవేక్షణలో చేసినంత వరకు. దీనికి ఒక చరిత్ర ఉంది. ఏ ఆఫీసులోనూ ఉద్యోగిగా లేకుండా స్వతంత్రంగా పనిచేసే పారాలీగల్స్ అనుమతి లేకుండా లాయరు వృత్తి చేస్తున్నట్టేనని ఇక్కడి ఒక కమిటీ 1990లో తేల్చేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 1992లో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. జీతానికి పనిచేసే పారాలీగల్‌కూ స్వతంత్రంగా పనిచేసే పారాలీగల్‌కూ ఆ పేరుతో తేడా చూపడానికి కారణం లేదనీ, చూడవలసింది లాయరు పర్యవేక్షణ నిజంగా ఉందా లేదా అన్నదేననీ చెప్పింది. అదే తీర్పు ఇంకో వైపు కూడా పనిచేస్తుంది. లాయరు గారు మీరు పంపినదాన్ని చదవకుండా సంతకం పెట్టి పంపేస్తుంటే, ఆ పర్యవేక్షణ కాగితం మీద మాత్రమే ఉన్నట్టు.

పని చట్టబద్ధమే అయినా, మీరు ఇప్పటికే ఒకరి దగ్గర ఉద్యోగి. అక్కడే చిక్కు. ఉద్యోగి విధేయత అనే బాధ్యత గురించి ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు 1999లో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఒక ఆహార పదార్థాల కంపెనీలో సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఉద్యోగి, భార్యతో కలిసి అలాంటి పనే బయట సొంతంగా నడిపాడు. రెండో ఆదాయం ఉండడమే తప్పని కోర్టు అనలేదు. ఒప్పందంలో ఏముంది, యజమానికి తెలుసా లేదా, ఆ ఉద్యోగి స్థాయి ఏమిటి, బయటి పని యజమానికి ఎంత నష్టం చేస్తుంది అన్నవి చూడాలని చెప్పింది. యజమాని వ్యాపారంతో తగువు వచ్చే పని మొదలుపెట్టే ముందు ఆయనకు చెప్పడం మంచిదని కూడా అంది. మీ పరిస్థితిని ఈ ప్రశ్నల ముందు పెట్టి చూడండి. ఒప్పందంలో అనుమతి తీసుకోవాలని ఉంది. యజమానికి తెలియదు. బయటి పని కూడా ఇమ్మిగ్రేషనే, అదే ఊరు, అదే తెలుగు క్లయింట్లు. మీకు అనుకూలంగా ఉన్నది ఒక్కటే, మీరు భాగస్వామి స్థాయి మనిషి కాకపోవడం.

"ఎవరికి తెలుస్తుంది" అన్నారు కదా. 2015లో అదే కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. విధేయత తప్పిన ఉద్యోగి వల్ల యజమానికి డబ్బు నష్టం రుజువు కాకపోయినా, తప్పు చేసిన కాలానికి తీసుకున్న జీతాన్ని తిరిగి కట్టమనే అధికారం కోర్టులకు ఉందని తీర్పు చెప్పింది. ఆ కేసు ఒక పెద్ద అధికారిది, పారాలీగల్‌ది కాదు. మీ మీద దావా వేస్తారని నేను భయపెట్టడం లేదు. దావాతో పని లేకుండానే ఉద్యోగం నుంచి తీసేయవచ్చు, కారణం హ్యాండ్‌బుక్‌లో సిద్ధంగా ఉంది. పైగా ఎడిసన్, ఐస్‌లిన్ ప్రాంతంలో మన ఇమ్మిగ్రేషన్ ప్రపంచం ఎంత చిన్నదో మీకు నాకంటే బాగా తెలుసు. ఒక కంపెనీ మేనేజరు ఈ ఏడాది ఒక లాయరు దగ్గర, వచ్చే ఏడాది ఇంకో లాయరు దగ్గర ఉంటాడు. మీ గొంతు ఫోన్‌లో రెండుసార్లు వింటే గుర్తుపడతాడు.

అన్నిటికంటే నాకు బెంగ కలిగించేది ఇంకొకటి. మీ ఫర్మ్ క్లయింట్లలో కన్సల్టింగ్ కంపెనీలు ఉండి తీరతాయి. వాటిలో ఒకదానికి మీరు పిటిషన్లు తయారుచేశారనుకుందాం. ఎల్‌సీఏలో (హెచ్-1బీ కోసం యజమాని కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తులో) ఎంత జీతం చూపించారు, ఏ ప్రాజెక్టు పేరు పెట్టారు, ఎవరిని ఎన్ని నెలలు ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు, ఇవన్నీ మీ కళ్ల ముందు నుంచి వెళ్లాయి. ఒక సాయంత్రం ఆ రెండో లాయరు గారు మీకు ఒక కొత్త ఫైలు పంపుతారు. అదే కంపెనీలో బెంచ్ మీద జీతం ఇవ్వలేదని ఒక కుర్రాడు కార్మిక శాఖ వేతన విభాగానికి ఫిర్యాదు చేయబోతున్నాడు. పని చూపించలేకపోయినా హెచ్-1బీ ఉద్యోగికి జీతం ఇవ్వాల్సిందే కాబట్టి ఆ కుర్రాడిది న్యాయమైన కేసు కావచ్చు. ఇప్పుడు మీరు ఏం చేస్తారు? తెలిసింది చెబితే మీ ఫర్మ్ క్లయింటు రహస్యం బయటపెట్టినట్టు. చెప్పకుండా పనిచేస్తే ఆ కుర్రాడికి సగం మనసుతో పనిచేసినట్టు. "నేను ఈ ఫైలు ముట్టుకోను" అన్నా, ఎందుకో చెప్పకుండానే చాలా చెప్పినట్టవుతుంది. మొగుడూ పెళ్లాల కేసుల్లోనూ ఇదే గొడవ. ఇద్దరూ కలిసి, పెళ్లి ద్వారా వచ్చిన గ్రీన్‌కార్డు షరతు తొలగింపుకు మీ ఫర్మ్‌కు వచ్చి, విడిపోయాక ఒకరు మాత్రం ఆ రెండో లాయరు దగ్గరకు వెళ్లడం అరుదేమీ కాదు.

ఇలాంటప్పుడు దెబ్బ మీకే తగిలి ఆగదు. టెక్సాస్ సుప్రీంకోర్టు 1994లో విన్న ఒక కేసు చూడండి. ఒక పారాలీగల్ తన ఫర్మ్ వదిలి ఎదుటి పక్షం లాయర్ల దగ్గర మూడు వారాలు పనిచేసి, మళ్లీ పాత ఫర్మ్‌కు వచ్చింది. ఆ మూడు వారాల్లో గొడవలో ఉన్న కేసు మీద ఆమె గడిపిన సమయం గంటలో పదింట ఆరు వంతులు, ఒక కాగితం వెతకడానికి. దాని ఆధారంగా మొత్తం ఫర్మ్‌నే కేసు నుంచి తప్పించాలన్న వాదన రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలా పనిచేసిన పారాలీగల్‌కు రహస్యాలు తెలిసే ఉంటాయని భావించాలనీ, అయితే ఆమె వాటిని కొత్త ఫర్మ్‌తో పంచుకోలేదని, తగిన కట్టుదిట్టాలు చేశామని ఆ ఫర్మ్ రుజువు చేసుకోవచ్చనీ కోర్టు చెప్పింది. అక్కడ ఆమె ఒకచోట మానేసి ఇంకోచోట చేరింది. మీరు పగలు ఒకచోట, రాత్రి ఇంకోచోట ఉంటారు. కట్టుదిట్టం చేశామని ఎవరు రుజువు చేస్తారు?

దీనికి విరుగుడు పార్టీల పేర్లు ముందే సరిచూసుకోవడమని పుస్తకాల్లో రాస్తారు. మీ విషయంలో అది అంత సులువు కాదు. మీ ఫర్మ్ క్లయింట్ల జాబితా బయటివాళ్లకు చెప్పలేరు. బయటి పని కోసం ఫర్మ్ డేటాబేస్‌లో పేర్లు వెతకడం కూడా దుర్వినియోగమే. అందుకే ఇమ్మిగ్రేషన్ పనిని బయట అసలు ముట్టుకోవద్దని నా సలహా. ఆ లాయరు గారి దగ్గర ఇళ్ల కొనుగోళ్లు, వీలునామాలు ఉన్నాయన్నారు కదా, ఆ పని అడగండి. బ్రోకరు రాసిన ఇంటి ఒప్పందాన్ని లాయరుకు చూపించుకోవడానికి న్యూజెర్సీలో మూడు పనిదినాల గడువు ఉంటుంది. ఆ మూడు రోజుల్లో ఉత్తరాలు, ఇంటి హక్కులు సరిచూసే టైటిల్ కంపెనీతో మాటలు, అమ్మకం పూర్తిచేసే క్లోజింగ్ కాగితాలు, అన్నీ పారాలీగల్ చేతుల మీదుగానే నడుస్తాయి. మీకు కొత్త విద్య అబ్బుతుంది. రేపు మీ ఇల్లు కొనేటప్పుడు ఏ కాగితం ఎందుకో కూడా తెలుస్తుంది. మీ ఫర్మ్‌తో పోటీ ఉండదు, క్లయింట్లు ఢీకొనే అవకాశం చాలా తగ్గుతుంది, అనుమతి ఇవ్వడం మీ యజమానికీ తేలికవుతుంది.

ఆ పెద్దమనిషి గురించి ఒక మాట. క్లయింటుకు 150 డాలర్ల కమిషన్ చెప్పారు చూడండి, అది నాకు నచ్చలేదు. లాయరు తన ఫీజును లాయరు కాని మనిషితో పంచుకోకూడదు, కేసులు తెచ్చినందుకు డబ్బు ఇవ్వకూడదు. అది వృత్తి నియమావళిలో ఉన్న మాటే, ఆయనకు తెలియకపోవడం ఉండదు. తెలిసీ మొదటి పరిచయంలోనే అలా అన్నారంటే, పర్యవేక్షణ విషయంలోనూ ఆయన పద్ధతి ఎలా ఉంటుందో ఊహించుకోండి. "ఆ మాట వదిలేద్దాం, చేసిన గంటలకే డబ్బు ఇవ్వండి" అని చెప్పి చూడండి. సర్దుకుని సరే అంటే ఆలోచించవచ్చు. "అందరూ చేసేదే" అని నవ్వితే ఆ తలుపు మూసేయండి. ఏదైనా ముందు ఆయన లైసెన్సు సంగతి చూడండి. న్యూజెర్సీ లాయర్ల వివరాలు రాష్ట్ర కోర్టుల వెబ్‌సైటులో ఎవరైనా వెతకవచ్చు. ఇమ్మిగ్రేషన్ ఫెడరల్ చట్టం కాబట్టి వేరే రాష్ట్రపు లైసెన్సుతో ఇక్కడ కూర్చుని ఆ కేసులు చూసేవాళ్లూ ఉంటారు. కానీ న్యూజెర్సీ ఇళ్లు, వీలునామాల పనికి ఆ లైసెన్సు సరిపోదు.

గుడి దగ్గర అడిగేవాళ్ల విషయంలో నా జవాబు సూటిగా వద్దు అనే. ఇది చెప్పడం మీకు ఎంత కష్టమో తెలుసు. రేపు మళ్లీ అదే ప్రసాదం వరుసలో నిలబడాలి. అయినా ఈ పనిలో ఉన్న ప్రమాదం మిగతా రెండింటికంటే ఎక్కువ.

ఇమ్మిగ్రేషన్ వ్యవహారాల్లో ఏది లాయరు వృత్తి కిందకు వస్తుందో ఫెడరల్ నిబంధనలు నిర్వచించాయి. ఒకరి కేసు వివరాలనూ వర్తించే చట్టాన్నీ పరిశీలించి సలహా ఇవ్వడం, దానికి తోడుగా కాగితాలు తయారుచేయడం ఆ నిర్వచనంలోకి వస్తాయి. అచ్చు ఫారంలో ఖాళీలు నింపడంలో సాయం చేయడం మాత్రం రాదు, అదీ రెండు షరతుల మీద. తీసుకునే డబ్బు నామమాత్రంగా ఉండాలి. ఆ మనిషి తనకు చట్టం గురించి, ఇమ్మిగ్రేషన్ పద్ధతుల గురించి తెలుసని చెప్పుకోకూడదు. ఇంగ్లీషు రాని పెద్దాయనకు పక్కింటి కుర్రాడు పేరు, చిరునామా రాసిపెడితే ఈ మినహాయింపు సరిపోతుంది. మీ సంగతి అలా కాదు. వాళ్లు మీ దగ్గరకు వచ్చేదే మీరు ఇమ్మిగ్రేషన్ లా ఫర్మ్‌లో పనిచేస్తారు కాబట్టి. మీరు నోరు విప్పి చెప్పుకోకపోయినా, మీ ఉద్యోగమే చెబుతోంది. నూటయాభై డాలర్లు నామమాత్రమని వాదించడం కూడా కష్టమే. అనుమతి లేకుండా లాయరు వృత్తి చేయడం న్యూజెర్సీలో నేరం, జరిమానాతో వదిలేసే విషయం కాదు.

నేను ఖాళీలు మాత్రమే నింపుతాను, సలహా ఇవ్వను అంటారా? గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 ఫారం తీసుకోండి. "ఎప్పుడైనా అనుమతి లేకుండా పనిచేశారా?", "వీసా షరతులు ఉల్లంఘించారా?" అనే ప్రశ్నలు ఉంటాయి. ఎదురుగా కూర్చున్నావిడ "మావారు నాలుగు నెలలు బెంచ్ మీద ఉన్నారు, దీనికి అవును అనాలా కాదనాలా?" అని అడుగుతుంది. మీరు ఏ మాట చెప్పినా అది సలహానే. నోరు మూసుకుంటే ఆవిడ తోచింది టిక్ పెడుతుంది, తప్పయితే ఆ కుటుంబం గ్రీన్‌కార్డు అక్కడే ఆగుతుంది. అప్పుడు వాళ్ల నోట వచ్చే మొదటి పేరు మీదే. ఇంకో సంగతి మన వాళ్లకు అసలు తోచదు. లాయరుకు చెప్పుకున్న రహస్యానికి చట్టం రక్షణ ఉంది. మీ వంటగదిలో కూర్చుని చెప్పుకున్నదానికి లేదు.

ఆ ఫారాల చివర, దరఖాస్తుదారు కాక వేరేవాళ్లు తయారుచేస్తే వాళ్ల పేరు, చిరునామా, సంతకం పెట్టాల్సిన భాగం ఒకటి ఉంటుంది. అక్కడ మీ పేరు రాస్తే మీ ఫర్మ్‌కూ ప్రభుత్వానికీ మీరే సాక్ష్యం ఇచ్చినట్టు. రాయకుండా ఖాళీగా వదిలితే, అవతలి మనిషి చేత "నేనే నింపుకున్నాను" అనిపించినట్టు. నూటయాభై డాలర్లకు ఆ రెండింట్లో ఏది మీకు సమ్మతం?

సాయం చేయాలనే మనసుంటే దారులు లేకపోలేదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఫారం సూచనల కాపీ వాళ్ల చేతిలో పెట్టండి. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవాళ్లకు, లాయరు దగ్గరకు తోడు వెళ్లి, మాటలు అటూ ఇటూ చెప్పి రండి, డబ్బు లేకుండా. ఫీజు కట్టలేనివాళ్లకు న్యాయశాఖ గుర్తింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు ఉన్నాయి. వాటిలో లాయర్లు కాని గుర్తింపు పొందిన ప్రతినిధులు కూడా చట్టబద్ధంగా కేసులు చూస్తారు. మీకు ఈ పని మీద నిజంగా ప్రేమ ఉంటే ముందుముందు అలాంటి సంస్థలో చేరి ఆ గుర్తింపు తెచ్చుకోండి. అప్పుడు గుడి దగ్గర ధైర్యంగా "సోమవారం మా ఆఫీసుకు రండి" అనవచ్చు.

ఇప్పుడు ఆఫీసులో అనుమతి అడగడం. మీరు భయపడుతున్నంత కష్టం కాదు, ఇమ్మిగ్రేషన్ కాని పనికి అడిగితే. మీ సూపర్‌వైజింగ్ అటార్నీకి ఈమెయిల్ పెట్టండి. "హ్యాండ్‌బుక్‌లోని నియమం ప్రకారం మీ అనుమతి కోరుతున్నాను. ఫలానా లాయరు దగ్గర ఇళ్ల కొనుగోలు, వీలునామాల పనిలో వారానికి పది గంటలకు మించకుండా, ఆఫీసు వేళల తర్వాత సాయం చేయాలనుకుంటున్నాను. ఇమ్మిగ్రేషన్ పని చేయను. ఆఫీసు కంప్యూటరు, సాఫ్ట్‌వేరు, నమూనాలు వాడను. మన క్లయింట్లతో సంబంధం ఉన్నదేదైనా ఎదురైతే వెంటనే తప్పుకుంటాను. మార్చి నుంచి జూన్ వరకు ఆ పని ఆపేస్తాను." ఈ చివరి వాక్యం మరిచిపోవద్దు. మీ యజమాని అసలు భయం పోటీ కంటే కూడా, ఏప్రిల్‌లో మీరు కళ్లు మూతలు పడుతూ పిటిషన్‌లో పుట్టిన తేదీ తప్పు రాస్తారేమో అన్నదే. వద్దంటే వద్దు, అక్కడితో ఆపేయండి. ఒప్పుకుంటే ఆ జవాబును మీ సొంత ఫోల్డరులో కూడా దాచుకోండి.

నమూనాల గురించి విడిగా చెబుతాను, ఎక్కువమంది జారేది అక్కడే. మీ ఫర్మ్‌లో ఆర్‌ఎఫ్‌ఈలకు (ఇమ్మిగ్రేషన్ శాఖ అదనపు ఆధారాలు కోరే నోటీసులకు) రాసిన జవాబులు, ఉద్యోగ వివరణ లేఖలు మీరే స్వయంగా టైపు చేసి ఉండవచ్చు. అవి మీవి కావు. ఆ ఫైళ్లు సొంత ఈమెయిల్‌కు పంపుకోవడం, ఫర్మ్ చందా కట్టిన పరిశోధన వెబ్‌సైటులో బయటి కేసు వెతకడం, ఇవి తర్వాత బయటపడే ఆనవాళ్లు వదులుతాయి. ఆ లాయరు గారు "మీ ఆఫీసులో ఎలా రాస్తారో ఒకటి పంపండి" అంటే, అసలు ఆయనకు కావలసింది ఏమిటో అర్థం చేసుకోండి.

ఆయనతో ఒప్పందం రాతలో ఉండాలి. ఏ పని, ఎవరి పర్యవేక్షణ, గంటకు ఎంత, ఎన్ని రోజుల్లో చెల్లింపు, క్లయింటు ఆయనకు ఫీజు ఎగ్గొట్టినా మీ డబ్బు మీకు వస్తుందా, ఆయన వృత్తి బీమాలో మీలాంటి బయటి పనివాళ్లు కూడా ఉన్నారా. చివరి ప్రశ్నకు బీమా కంపెనీ నుంచి రాతలో జవాబు తెప్పించమనండి. నది దాటి న్యూయార్క్‌లో అయితే 2024 ఆగస్టు నుంచి 800 డాలర్లు, ఆపైన విలువైన ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వక ఒప్పందం రాష్ట్ర చట్టమే తప్పనిసరి చేసింది. ఇక్కడ మీ జాగ్రత్త మీదే. క్లయింట్లతో మాట్లాడాల్సి వస్తే "నేను లాయరును కాదు" అని మొదటే చెప్పండి, ఈమెయిల్ కింద కూడా పారాలీగల్ అనే రాయండి.

పన్నుల విషయం త్వరగా చెప్పేస్తాను. సొంత పని ద్వారా ఏడాదికి నికరంగా 400 డాలర్లు దాటితే స్వయం ఉపాధి పన్ను వర్తిస్తుంది. మధ్యలో ఆపకుండా వారానికి 350 చొప్పున యాభై వారాలు చేస్తే 17,500, దాని మీద ఆ పన్ను దాదాపు 2,470. ఆయన మీకు కట్టిన డబ్బు చూపే 1099-ఎన్‌ఈసీ ఫారం ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ ఆదాయం చూపించాల్సిందే. ఏడాది చివర వెయ్యి డాలర్లు, ఆపైన బాకీ పడేలా ఉంటే ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల 15న ముందస్తు వాయిదాలు కట్టాలి. ఇది తలనొప్పి అనుకుంటే మీ వారి జీతంలో డబ్ల్యూ-4 (ఎంత పన్ను కోయాలో యజమానికి చెప్పే ఫారం) మార్చి కొంచెం ఎక్కువ పన్ను కోయించుకోండి, చాలావరకు సరిపోతుంది.

ఇక మీ కార్డు. హెచ్-4 ఈఏడీ మీద ఎవరి దగ్గరైనా పనిచేయవచ్చు, సొంతంగా కూడా చేయవచ్చు, ఆ విషయంలో బెంగ లేదు. హెచ్-1బీ మీద ఉన్న మీ వారు మాత్రం ఈ పనిలో చేయి పెట్టకూడదు, మీ బిల్లులు తయారుచేయడం లాంటి చిన్న సాయమైనా సరే. కార్డు గడువు తీరిన మర్నాటి నుంచి ఆఫీసు పనితో పాటు ఆ లాయరు గారి పని కూడా ఆగాలి. 2025 అక్టోబరు 30న గానీ ఆ తర్వాత గానీ వేసిన రెన్యువళ్లకు పాతకాలపు ఆటోమేటిక్ పొడిగింపు (దరఖాస్తు తేలేదాకా పాత కార్డు మీదే పనిచేసే వీలు) లేదని మీకు తెలిసే ఉంటుంది. గడువుకు 180 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఫీసులో వేరేవాళ్ల తేదీలు గుర్తుపెట్టుకుని సొంత తేదీ మరిచిపోయిన పారాలీగల్స్ ఉన్నారు, మీ కార్డు తీసి ఈరోజే చూడండి.